చెట్ల ఛాయాచిత్రణలో మృదుత్వ ప్రక్రియలు

చెట్ల ఛాయాచిత్రణలో మృదుత్వ ప్రక్రియలు అనగా చెట్టును గానీ, తోటను గానీ ఫొటో తీసేటప్పుడు లేదా తీసిన తరువాత అంచుల పదును, నీడల గాఢత, వివరాల సాంద్రత కావాలని తగ్గించి, రూపం, కాంతి, దూరం, కదలిక అనే వాటికి ప్రాధాన్యమిచ్చే పద్ధతులు. వీటిలో కొన్ని పొగమంచు, మబ్బు, గాలి వంటి ప్రకృతి స్థితులపై ఆధారపడతాయి. కొన్ని కటకం, ఫిల్టర్, షట్టర్ వంటి పరికరాల వలన సాధ్యమవుతాయి. మరికొన్ని డార్క్‌రూమ్‌లో లేదా కంప్యూటర్‌లో జరుగుతాయి. ఈ వ్యాసంలో ఈ పద్ధతులను శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతపు చెట్లను ఉదాహరణగా తీసుకొని వివరించడమైనది. కొబ్బరి, జీడిమామిడి, పనస, సరుగుడు వంటి భిన్న రూపాలు గల చెట్లు, సముద్రపు గాలి, శీతాకాలపు మంచు ఒకేచోట లభించడం వలన ఈ ప్రాంతం ఇందుకు అనువుగా ఉంటుంది. ఇక్కడి చెట్టు కేవలం దృశ్యం కాదు, వేలాది కుటుంబాల జీవనాధారం కూడా. అందువలన ఏ చిత్రంలో మృదుత్వం తగును, ఏ చిత్రంలో తగదు అనే ప్రశ్నకు ఇక్కడ ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్నది.

భావన

చేయి వణికినందువలన గానీ, ఫోకస్ తప్పినందువలన గానీ వచ్చే మసక మృదుత్వం కాదు. మృదుత్వ ప్రక్రియలో ఏది స్పష్టంగా నిలవాలో, ఏది కరిగిపోవాలో చిత్రకారుడు ముందే నిర్ణయించుకుంటాడు. చిత్రంలో ఒక్క అంశమైనా కంటికి ఆధారంగా నిలవాలి. అది కొబ్బరి కాండం కావచ్చు, ఒక మట్ట అంచు కావచ్చు, మంచులో తేలే తోట ఆకారం మాత్రమే కావచ్చు. ఆధారం లేనప్పుడు చూసేవారు చిత్రం పాడైపోయిందనుకుంటారు.

చిత్రంలో మృదుత్వం మూడు విధాలుగా కనిపిస్తుంది.

* కాంతి మృదుత్వం: వెలుగుకు, నీడకు మధ్య హద్దు నెమ్మదిగా మారడం.
* ఆకార మృదుత్వం: అంచులు విస్తరించి, వివరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం.
* కాల మృదుత్వం: షట్టర్ తెరచి ఉన్నంతసేపు జరిగిన కదలిక చారలుగా, తెరలుగా నమోదు కావడం.

చెట్లను చిత్రించడంలో మృదుత్వం అవసరమవడానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉన్నది. ఒక చెట్టులో వేలాది ఆకులుంటాయి. ప్రతి ఆకూ ఒక అంచు, ఒక మెరుపు, ఒక నీడ. మిట్టమధ్యాహ్నపు ఎండలో అన్నీ సమానమైన పదునుతో నమోదైతే చూపు ఎక్కడా నిలువదు. కంటికి ఒకే రూపంగా తోచిన చెట్టు ఫొటోలో గజిబిజిగా కనిపించడానికి ఇదే కారణం.

చరిత్ర

ఛాయాచిత్రణలో మృదుత్వంపై చర్చ 19వ శతాబ్దంలోనే మొదలైనది. కలకత్తాలో జన్మించి, 1879లో సింహళంలో మరణించిన జూలియా మార్గరెట్ కామెరాన్ తన మనుషుల చిత్రాలలో మృదువైన ఫోకస్‌ను వాడి ప్రశంసలతో పాటు విమర్శలు కూడా పొందింది. ప్రకృతి దృశ్యాల విషయంలో ఈ వాదాన్ని శాస్త్రీయంగా ముందుకు తెచ్చినవాడు పీటర్ హెన్రీ ఎమర్సన్. 1889లో ప్రచురించిన నేచురలిస్టిక్ ఫొటోగ్రఫీ అనే గ్రంథంలో ఆయన, మనిషి కన్ను తాను చూసే బిందువును మాత్రమే స్పష్టంగా చూస్తుందని, చుట్టూ ఉన్నవి కొంత మసకగా ఉంటాయని, కాబట్టి ఫొటోలో కూడా ముఖ్య విషయం తప్ప మిగిలినవి కొద్దిగా మృదువుగా ఉండాలని వాదించాడు. అయితే కొద్దికాలంలోనే ఆయన తన వాదాన్ని తానే ఉపసంహరించుకున్నాడు. జార్జ్ డేవిసన్ 1890లో ప్రదర్శించిన ఉల్లి తోట చిత్రం సూదిరంధ్ర కెమెరాతో తీసినది.

ఛాయాచిత్రం కూడా చిత్రలేఖనం వలె కళయేనని నిరూపించాలనే పట్టుదలతో బయలుదేరిన ఉద్యమాన్ని పిక్టోరియలిజం అంటారు. 1892లో లండన్‌లో లింక్డ్ రింగ్, 1902లో న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ నాయకత్వంలో ఫొటో సెసెషన్ అనే సంఘాలు ఏర్పడ్డాయి. స్టీగ్లిట్జ్ సంపాదకత్వంలో కెమెరా వర్క్ పత్రిక 1903 నుండి 1917 వరకు వెలువడింది. ఎడ్వర్డ్ స్టైకెన్ 1904లో తీసిన వెన్నెల కొలను చిత్రం మృదువైన చెట్ల చిత్రాలకు ప్రసిద్ధ ఉదాహరణ. అందులో చెట్ల వెనుక వెలుగు, నీటిలో దాని ప్రతిబింబం తప్ప వివరాలు దాదాపు కనిపించవు. దాని ప్రతి ఒకటి 2006 ఫిబ్రవరిలో 29 లక్షల డాలర్లకు పైగా ధరకు వేలంలో అమ్ముడుపోయింది.

దీనికి ప్రతిగా 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ మొదలైనవారు ఎఫ్/64 బృందాన్ని స్థాపించారు. ముందున్న రాయి నుండి దూరాన ఉన్న కొండ వరకు అంతా స్పష్టంగా ఉండాలన్నది వారి మతం. ఎఫ్/64 అనేది కటకంలోని చాలా చిన్న ద్వారపు కొలత. ఆ తరువాత చాలాకాలం మృదుత్వం పాతకాలపు అలవాటుగా పరిగణింపబడినది. 1980లలో కెనడాకు చెందిన మైకేల్ ఆర్టన్ రూపొందించిన జంట స్లైడ్ల పద్ధతితో, తరువాత డిజిటల్ సాధనాలతో ఇది తిరిగి ప్రచారంలోకి వచ్చింది.

తెలుగు ప్రాంతంలో ఈ దృష్టికి దగ్గరి బంధువు చిత్రలేఖనంలో ఉన్నది. బెంగాలీ చిత్రకారుడు ప్రమోదకుమార్ ఛటర్జీ మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించిన కాలంలో బెంగాల్ శైలి ఆంధ్రదేశానికి చేరింది. ఆయన శిష్యులలో అడివి బాపిరాజు ఒకరు. ఆ శైలిలోని వాష్ పద్ధతిలో రంగు వేసిన కాగితాన్ని నీటితో తడిపి అంచులను కరిగిస్తారు. మంచులో చెట్టును ఫొటో తీసేవాడు కోరుకునే ఫలితం కూడా ఇటువంటిదే.

ఉద్దానం: చెట్లు, వెలుతురు

ఉద్దానం అనే పేరు ఉద్యానవనం అనే మాట నుండి వచ్చినదని చెబుతారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల తీరప్రాంతాన్ని సాధారణంగా ఈ పేరుతో వ్యవహరిస్తారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి ఇక్కడి ముఖ్యమైన తోటలు. పలాస-కాశీబుగ్గ జంటపట్టణం జీడిపిక్కల పరిశ్రమకు ప్రసిద్ధి. సముద్రం ఒడ్డున ఇసుక నేలల్లో సరుగుడు తోటలు, మొగలి పొదలు కనిపిస్తాయి. సోంపేట సమీపంలో బీల అని పిలువబడే చిత్తడి నేలలున్నవి. వాయవ్య దిశలో, ఒడిషా భూభాగంలో, 1,501 మీటర్ల ఎత్తు గల మహేంద్రగిరి ఉన్నది.

చిత్రకారునికి ఈ భూగోళం రెండు విధాల ఉపకరిస్తుంది. మొదటిది, తీరం తూర్పు, ఆగ్నేయ దిశలకు అభిముఖంగా ఉన్నందున ఉదయపు సూర్యుడు సముద్రం మీదుగా తోటలలోకి అడ్డంగా ప్రవేశిస్తాడు. తీరం వైపు తిరిగి తీస్తే చెట్లు వెలుగుకు ఎదురుగా నిలుస్తాయి, కొండల వైపు తిరిగి తీస్తే అదే వెలుగు చెట్ల ముఖంపై పడుతుంది. రెండవది, శీతాకాలపు ఉదయాలలో తోటల మధ్య పొగమంచు నిలుస్తుంది. జీడిమామిడి, మామిడి పూతకు వచ్చే కాలం కూడా సుమారుగా ఇదే.

పద్ధతులు

పొగమంచు, మబ్బు

అన్నిటికంటె పాతది, ఖర్చు లేనిది ఈ పద్ధతి. ఆకాశంలో సూర్యబింబం కేవలం అర డిగ్రీ వెడల్పు మాత్రమే ఉంటుంది కనుక నేరుగా పడే ఎండలో నీడల అంచులు పదునుగా ఉంటాయి. మబ్బు పట్టినప్పుడు ఆకాశమంతా ఒకే దీపంగా మారి నీడలు కరిగిపోతాయి. పొగమంచులోని సూక్ష్మ నీటి బిందువులు అన్ని రంగుల కాంతిని దాదాపు సమానంగా చెదరగొడతాయి. అందువలన దూరం పెరిగినకొద్దీ చెట్టు తెల్లబడుతూ పోతుంది. ముందు వరుస కొబ్బరి నల్లగా, రెండవది బూడిద రంగులో, మూడవది తెలుపులో కలిసిపోతూ కనిపించడం దీని ఫలితమే. ఇక్కడ మృదుత్వం దూరాన్ని కొలిచి చూపుతుంది.

కెమెరాలోని కాంతిమాపకం దృశ్యమంతా మధ్యస్థ బూడిద రంగు అని భావించి లెక్క వేస్తుంది. దానిని అలాగే వదిలేస్తే తెల్లని మంచు మురికి రంగులో వస్తుంది. కనుక మంచులో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్‌ను సుమారు ఒక స్టాప్ పెంచుతారు.

ఫోకస్ లోతు

కటకపు ద్వారాన్ని పెద్దదిగా తెరిస్తే స్పష్టంగా ఉండే ప్రదేశపు లోతు తగ్గుతుంది. ఉదాహరణకు 35 మి.మీ. ఫిల్మ్ పరిమాణపు సెన్సార్ గల కెమెరాకు 85 మి.మీ. కటకం అమర్చి, 5 మీటర్ల దూరంలో ఉన్న జీడిమామిడి కొమ్మపై ఫోకస్ చేసినట్లయితే, ఎఫ్/2 వద్ద సుమారు 40 సెంటీమీటర్ల లోతు మాత్రమే స్పష్టంగా ఉంటుంది. ఎఫ్/8 వద్ద అది సుమారు 1.7 మీటర్లకు పెరుగుతుంది. మొదటి సందర్భంలో ఒక పూగుత్తి నిలిచి మిగిలిన చెట్టు కరిగిపోతుంది. రెండవ సందర్భంలో కొమ్మ మొత్తం కనిపిస్తుంది.

ఫోకస్‌లో లేని భాగపు తీరును జపనీయ పదంతో బొకే అంటారు. ఆకుల సందుల నుండి కనిపించే ఆకాశం ఫోకస్ తప్పినప్పుడు తెల్లని చక్రాలుగా మారుతుంది. కొబ్బరి ఆకుల వెనుక ఇవి మితిమీరి చూపును చెదరగొట్టవచ్చు. నేపథ్యంగా ఆకాశానికి బదులు నీడలో ఉన్న మరొక తోటను ఎంచుకొంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

మృదు కటకాలు, ఫిల్టర్లు

మృదు ఫోకస్‌కు, ఫోకస్ తప్పడానికి భేదమున్నది. గోళీయ దోషం పూర్తిగా సరిచేయని కటకంలో ప్రతి బిందువూ స్పష్టమైన కేంద్రం, దాని చుట్టూ పలుచని కాంతివలయంగా ఏర్పడుతుంది. అందువలన చెట్టు అంచు కనిపిస్తూనే మెరుపు కమ్ముకున్నట్లుంటుంది. 1930లలో వచ్చిన రోడెన్‌స్టాక్ ఇమేగాన్, 1980లలో వచ్చిన కెనాన్ 135 మి.మీ. సాఫ్ట్ ఫోకస్ ఈ కోవకు చెందిన కటకాలు. ద్వారాన్ని చిన్నది చేస్తే ఈ వలయం తగ్గిపోతుంది.

కటకం ముందు అమర్చే మృదు ఫిల్టర్లు కూడా ఇటువంటి ఫలితాన్నే ఇస్తాయి. వీటికి బదులుగా పాత రోజులలో పలుచని నైలాన్ మేజోడును కటకంపై చుట్టేవారు, లేదా సాదా గాజు ఫిల్టర్ అంచులకు వాజిలైన్ రాసి మధ్యభాగాన్ని ఖాళీగా వదిలేవారు. వాజిలైన్‌ను కటకంపై నేరుగా రాయరాదు. ఫిల్టర్లలో వెలుగుభాగం నీడలోకి పొంగుతుంది కనుక నల్లని కాండం వెనుక ప్రకాశవంతమైన సముద్రం ఉన్నప్పుడు ఫలితం ఎక్కువగా కనిపిస్తుంది.

నెమ్మది షట్టర్

కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి షట్టర్‌ను ఎక్కువసేపు తెరచి ఉంచితే కదలని కాండం స్పష్టంగా, గాలికి ఊగే మట్టలు మృదువుగా వస్తాయి. కొబ్బరి దీనికి మిక్కిలి అనువైన చెట్టు. పగటి వేళ భూమి సముద్రం కంటె త్వరగా వేడెక్కడం వలన గాలి సముద్రం నుండి ఒడ్డుకు వీస్తుంది. మట్టలు ఒకే దిశకు వంగి ఊగుతాయి.

పగటి వెలుగులో నెమ్మది షట్టర్ కొరకు తటస్థ సాంద్రత ఫిల్టర్ అవసరమవుతుంది. ఇది రంగు మార్చకుండా కాంతిని తగ్గించే నల్లని గాజు. 6 స్టాపుల ఫిల్టర్ కాంతిని 64వ వంతుకు తగ్గిస్తుంది. సెకనులో 60వ వంతు ఉన్న షట్టర్ వేగం దీనితో సుమారు ఒక సెకనుకు చేరుతుంది. 10 స్టాపుల ఫిల్టర్‌తో అదే వేగం సుమారు 17 సెకన్లకు చేరుతుంది. అర సెకను నుండి రెండు సెకన్ల వరకు మట్టల ఆకారం మిగులుతుంది. అంతకు మించితే చెట్టు తల పచ్చని పొగవలె మారుతుంది. ఇక్కడ మృదుత్వం గాలిని నమోదు చేస్తుంది.

కెమెరాను కదిలించడం

ఈ పద్ధతిలో చెట్టు నిలిచి ఉండగా కెమెరానే కావాలని కదిలిస్తారు. సెకనులో నాలుగవ వంతు నుండి ఒక సెకను వరకు షట్టర్ తెరచి, కాండం వెంబడి పై నుండి క్రిందికి ఒకే వేగంతో కెమెరాను నడుపుతారు. నిలువు గీతలు నిలుస్తాయి, అడ్డంగా ఉన్న కొమ్మలు, ఆకులు కరిగిపోతాయి. వరుసలుగా, నిటారుగా పెరిగే సరుగుడు తోట దీనికి చక్కగా సరిపోతుంది. వంపు తిరిగిన కొబ్బరి కాండాలకు ఇది అంతగా నప్పదు. ఒకే ప్రయత్నంలో ఫలితం రావడం అరుదు.

బహుళ ఎక్స్‌పోజర్లు

ఒకే చట్రంపై పలు చిత్రాలను పేర్చడం మరొక మార్గం. నాలుగు చిత్రాలు పేర్చదలచినప్పుడు ఒక్కొక్కదానిని రెండు స్టాపులు తక్కువ కాంతితో తీయాలి. ఎనిమిదింటికి మూడు స్టాపులు తగ్గించాలి. ఒంటరిగా నిలిచిన పనస చెట్టు చుట్టూ తిరుగుతూ, కాండాన్ని ప్రతిసారీ చట్రం మధ్యలోనే ఉంచి తీసిన చిత్రాలను కలిపితే కాండం గట్టిగా, కొమ్మలు, నేపథ్యం నీటిరంగుల వలె కనిపిస్తాయి.

సూదిరంధ్ర కెమెరా

కటకం లేకుండా చిన్న రంధ్రం ద్వారా ప్రతిబింబం పొందే కెమెరాలో దగ్గరవి, దూరపువి సమానమైన మృదుత్వంతో వస్తాయి. రంధ్రం నుండి ఫిల్మ్‌కు 50 మి.మీ. దూరం ఉంటే అనువైన రంధ్రపు వ్యాసం సుమారు 0.3 మి.మీ. అంతకంటె పెద్దదైతే బింబం విస్తరిస్తుంది. మరీ చిన్నదైతే కాంతి వివర్తనం వలన మళ్ళీ మసకబారుతుంది. ఈ సూత్రాన్ని చెట్టు క్రిందనే చూడవచ్చును. దట్టమైన పనస నీడలో నేలపై పడే గుండ్రని వెలుగు మచ్చలు ఆకుల సందుల ఆకారాలు కావు. అవి సూర్యుని ప్రతిబింబాలు. సూర్యగ్రహణ సమయంలో ఇవే మచ్చలు నెలవంకలుగా మారతాయి.

పరారుణ ఛాయాచిత్రణ

పచ్చని ఆకులు సమీప పరారుణ కాంతిని ఎక్కువగా పరావర్తనం చేస్తాయి. అందువలన పరారుణ చిత్రాలలో ఆకులు తెల్లగా వెలిగినట్లు కనిపిస్తాయి. ఇటువంటి చిత్రాలను 1910లో ప్రచురించిన రాబర్ట్ వుడ్ పేరిట దీనిని వుడ్ ఫలితం అంటారు. కొడాక్ సంస్థ తయారుచేసిన పరారుణ ఫిల్మ్‌లో కాంతి వెనుకకు ప్రతిఫలించకుండా ఆపే పొర లేనందున ఆకుల చుట్టూ అదనపు మెరుపు వచ్చేది. ఆ ఫిల్మ్ తయారీని 2007లో నిలిపివేశారు. ప్రస్తుతం సెన్సార్ ముందున్న ఫిల్టర్‌ను తొలగించిన డిజిటల్ కెమెరాలతో ఈ చిత్రాలు తీస్తారు.

ఆర్టన్ పద్ధతి, డిజిటల్ సాధనాలు

ఆర్టన్ పద్ధతిలో ఒకే దృశ్యాన్ని రెండు స్లైడ్లుగా తీస్తారు. ఒకటి స్పష్టంగా, మరొకటి ఫోకస్ తప్పించి, రెండూ ఎక్కువ కాంతితో తీస్తారు. రెండిటినీ ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు వివరం మొదటి దాని నుండి, మెరుపు రెండవ దాని నుండి లభిస్తుంది. కంప్యూటర్‌లో చిత్రపు నకలును గాసియన్ బ్లర్‌తో మసకపరచి, అసలుపై కొద్ది శాతం కలపడం ద్వారా ఇదే ఫలితం పొందుతారు. లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్లలో క్లారిటీ అనే నియంత్రణను సున్నాకు క్రిందికి తగ్గించినా మధ్యస్థాయి వివరాలు మెత్తబడతాయి.

సెల్‌ఫోన్లలోని పోర్ట్రెయిట్ మోడ్ ముందున్న వస్తువును గుర్తించి, మిగిలిన భాగాన్ని లెక్కల ద్వారా మసకపరుస్తుంది. మనిషి ముఖానికి ఇది సరిపోతుంది గానీ, కొబ్బరి ఆకు ఈనెల మధ్య సన్నని సందులను తరచు గుర్తించలేక, కొన్ని ఈనెలను నేపథ్యంతో పాటు చెరిపివేస్తుంది.

ఏ చెట్టుకు ఏ పద్ధతి

* కొబ్బరి: నెమ్మది షట్టర్, పొగమంచులో వరుసలు, సముద్రానికి ఎదురుగా నీడచిత్రం.
* జీడిమామిడి: పెద్ద ద్వారంతో పూత, పండు. నేలకు వంగిన కొమ్మలకు మబ్బు వెలుతురు.
* పనస: కాండంపైనే కాయలు కాస్తాయి కనుక కాండం స్పష్టంగా, పై గుబురు మృదువుగా. బహుళ ఎక్స్‌పోజర్లు.
* సరుగుడు: కెమెరాను నిలువునా కదిలించడం, సన్నని రెమ్మలపై ఉదయపు ఎదురు వెలుగు.
* మొగలి: ఊత వేళ్ళు స్పష్టంగా ఉండి, ముళ్ళ ఆకులు గాలిలో కదిలేలా తీయడం.

పక్షుల చెట్లు: తేలినీలాపురం

టెక్కలి మండలంలోని తేలినీలాపురం పక్షుల ఆవాసంగా ప్రసిద్ధి చెందినది. పెలికాన్ అని పిలిచే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అని పిలిచే ఎర్రకాళ్ళ కొంగలు ఇక్కడి చెట్లపై గూళ్ళు కట్టుకుంటాయి. సుమారుగా సెప్టెంబరులో వచ్చి, పిల్లలు ఎగరడం నేర్చిన తరువాత మార్చి, ఏప్రిల్ నెలలలో వెళ్ళిపోతాయి. వీటిని సైబీరియా పక్షులని పిలవడం వాడుకలో ఉన్నది గానీ, ఈ రెండు జాతులూ దక్షిణాసియాలో నివసించి సంతానోత్పత్తి చేసేవే.

ఇక్కడ చెట్టును, పక్షిని కలిపి చిత్రించేటప్పుడు దూరపు కటకం వాడి, ముందున్న ఆకులను మసకపరచి, గూటిని మాత్రం స్పష్టంగా ఉంచడం సాధారణ పద్ధతి. నెమ్మది షట్టర్ వాడితే గూట్లో కదలని పక్షి నిలిచి, ఎగిరే పక్షి తెల్లని గీతగా మారుతుంది. మృదువైన ముందుభాగం కొరకు గూళ్ళకు దగ్గరగా పోవడం, కొమ్మలు వంచడం, ఫ్లాష్ వాడడం తగవు. పెద్ద పక్షులు బెదిరి లేచినప్పుడు గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు గురి అవుతాయి.

పోటీల నిబంధనలు

అంతర్జాతీయ ఛాయాచిత్ర కళా సమాఖ్య, అమెరికా ఛాయాచిత్ర సంఘం, బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ కలిసి రూపొందించిన ప్రకృతి ఛాయాచిత్రపు నిర్వచనం 2015 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం చిత్రంలోని అంశాలను చేర్చడం, మార్చడం, తొలగించడం కూడదు. చేసిన సవరణలన్నీ సహజంగా కనిపించాలి. కాబట్టి మంచు వలన, గాలి వలన కలిగిన మృదుత్వానికి ఈ విభాగంలో అభ్యంతరం ఉండదు. ఆర్టన్ మెరుపు, చెట్టు చుట్టూ తిరిగి పేర్చిన చిత్రాలు సృజనాత్మక విభాగాలకు చెందుతాయి.

ఇందులో ఉద్దానానికి సంబంధించిన ఒక విశేషమున్నది. ఆ నిర్వచనం సాగుచేసిన మొక్కలను ప్రకృతి విభాగం నుండి మినహాయిస్తుంది. అనగా రైతు నాటిన కొబ్బరి, జీడి తోటల చిత్రం ఎంత సహజంగా ఉన్నా ఆ విభాగానికి చెల్లదు. దానిని సాధారణ లేదా ప్రకృతి దృశ్యాల విభాగానికి పంపాలి. మనుషులు మార్చిన పరిసరాలకు అలవాటుపడిన జీవులకు మాత్రం ఆ నిర్వచనంలో మినహాయింపు ఉన్నది. దానికి ఉదాహరణగా పేర్కొన్న పక్షులలో స్టార్కులు కూడా ఉన్నవి. కనుక ఊరి చెట్లపై గూళ్ళు కట్టిన తేలినీలాపురం కొంగలు ఆ మినహాయింపు పరిధిలోకి వస్తాయి.

మృదుత్వపు హద్దులు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు, ఉధృతి 165 కిలోమీటర్ల వరకు నమోదైనది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు పెద్దయెత్తున నేలకూలాయి. పొడవు రకం కొబ్బరి కాపుకు రావడానికి సాధారణంగా 6 నుండి 8 సంవత్సరాలు పడుతుంది కనుక కూలిన చెట్టు ఒక్క పంట నష్టం కాదు, పలు సంవత్సరాల ఆదాయ నష్టం.

అటువంటి సమయంలో తీసిన చిత్రం ప్రధానంగా సాక్ష్యం. కూలిన చెట్లు ఎన్ని, వేళ్ళతో లేచినవా, నడుమ విరిగినవా, మొవ్వు దెబ్బతిన్నదా అనే వివరాలు అందులో తెలియాలి. ఇందుకు చిన్న ద్వారం, వేగమైన షట్టర్, కొలతకు ఆధారంగా ఒక మనిషి గానీ, తెలిసిన పొడవు గల కర్ర గానీ చట్రంలో ఉండడం అవసరం. అదే దృశ్యాన్ని మెరుపు చేర్చి, అంచులు కరిగించి చూపితే విధ్వంసం అందంగా మారి, నష్టపు పరిమాణం మరుగున పడుతుంది.

చీడపీడల విషయంలోనూ ఇంతే. కొబ్బరిని ఆశించే సర్పిలాకార తెల్లదోమను భారతదేశంలో మొదట 2016లో గుర్తించారు. తరువాత అది ఆంధ్ర తీరపు తోటలకు కూడా విస్తరించింది. ఆకు అడుగున తెల్లని మైనపు చారలు, క్రింది ఆకులపై నల్లని మసి వంటి బూజు దీని లక్షణాలు. క్లారిటీ తగ్గించిన చిత్రంలో మొదట చెరిగిపోయేవి ఇవే. రోగనిర్ధారణకు పంపే ఫొటోలో ఏ మృదుత్వమూ ఉండరాదు.

మరొక హద్దు మొత్తం ప్రాంతపు రూపానికి సంబంధించినది. మంచు కమ్మిన కొబ్బరి వరుసల చిత్రాలే ఎక్కువగా ప్రచారమైతే చూసేవారికి ఉద్దానం ఒక స్వప్నలోకంగా మాత్రమే తోస్తుంది. ఈ తోటల నడుమనే దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి తీవ్రంగా వ్యాపించి ఉన్నది. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. ఒక ఛాయాచిత్ర సంపుటిలో మృదువైన చిత్రం పక్కన స్పష్టమైన చిత్రాన్ని కూడా ఉంచడం, ఎక్కడ, ఏ తేదీన, ఏ పద్ధతిలో తీసినదో క్రింద వ్రాయడం ఈ లోటును కొంత తీరుస్తాయి.

మొత్తంమీద మంచు చూపే దూరం, నెమ్మది షట్టర్ చూపే గాలి దృశ్యంలో నిజంగా ఉన్నవే. అటువంటి మృదుత్వం చెట్టును గురించి ఒక సమాచారాన్ని ఇస్తుంది. తీసిన తరువాత చేర్చిన మెరుపు చిత్రకారుని భావాన్ని చెబుతుంది. రెండూ కళయే. అయితే ఒకదానిని మరొకటిగా చూపరాదు.

తీరప్రాంతంలో జాగ్రత్తలు

* సముద్రపు గాలిలోని ఉప్పు తుంపర కటకంపై పొరగా చేరి, కోరని మసకను కలిగిస్తుంది. పొడిబట్టతో రుద్దితే ఉప్పు స్ఫటికాలు, ఇసుక గీతలు పెడతాయి. ముందు ఊదుబుర్రతో దులిపి, తరువాత తడి కటక కాగితంతో తుడవాలి.
* చల్లని గదిలో నుండి తెచ్చిన కెమెరాను తేమగాలిలో వెంటనే తెరిస్తే కటకంపై ఆవిరి పడుతుంది. సంచిలోనే కొంతసేపు ఉంచి వెలుపలి ఉష్ణోగ్రతకు చేరనివ్వాలి.
* ఇసుకలో ముక్కాలిపీట నెమ్మదిగా దిగబడుతుంది. నెమ్మది షట్టర్‌కు ముందు కాళ్ళను గట్టిగా అదిమి నిలపాలి.
* తోటలు రైతుల సొంత ఆస్తి. అనుమతి తీసుకొని ప్రవేశించాలి. గాలి వీచేటప్పుడు కాయలు, ఎండుమట్టలు రాలే ప్రమాదమున్నందున కొబ్బరి చెట్టు క్రింద నిలబడరాదు.
* జీడిపిక్క పెంకులోని జిడ్డురసం చర్మాన్ని కాలుస్తుంది. పచ్చి పిక్కలను తాకిన చేతితో కళ్ళను గానీ, కెమెరాను గానీ ముట్టరాదు.
* మార్పులు చేసే ముందు అసలు చిత్రాన్ని చెరపకుండా భద్రపరచాలి. మృదువు చేసిన ప్రతి నుండి పోయిన వివరాన్ని తిరిగి రాబట్టడం సాధ్యం కాదు.

ఇవి కూడా చూడండి

* ఛాయాచిత్రకళ
* పిక్టోరియలిజం
* ఉద్దానం
* పలాస
* తేలినీలాపురం
* తిత్లీ తుఫాను
* కొబ్బరి
* జీడిమామిడి